పక్కకు తిరిగే చోటు

లారీ కొనడానికి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు షోరూములో క్యాబిన్ గురించి అడిగే మాట ఏసీ ఒక్కటే. మూడున్నర టన్నులు దాటిన సరుకు బండి ఏదైనా, 2025 అక్టోబరు 1 నుంచి తయారైతే క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మంచి పని చేశారు. మే నెలలో రెంటచింతల ఎండలో ఇంజను పక్కన కూర్చుని బండి తోలినవాడెవడూ దాన్ని కాదనడు. నేను అడిగే మాట వేరే ఉంది. ఈ క్యాబిన్‌లో మనిషి పక్కకు తిరిగి పడుకోగలడా? కొనేవాడు ఆ సంగతి అడగడు, అమ్మేవాడు చెప్పడు. మా రోజుల్లో క్యాబిన్ పని ఆ ప్రశ్నతోనే మొదలయ్యేది.

నేను కొయ్యపని మనిషిని. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే షెడ్లలోనే జుట్టు నెరిసింది. ఇప్పటి కుర్రాళ్ళకు చెబితే నమ్మరు గానీ, అప్పట్లో కంపెనీ నుంచి లారీ వచ్చేది కాదు, ఛాసీ వచ్చేది. టాటా అయితే జంషెడ్‌పూర్ నుంచో పుణే నుంచో, లేలాండ్ అయితే మద్రాసు పక్కన ఎన్నూరు నుంచో. ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు మూతి. అంతే. తలుపుల్లేవు, టాపు లేదు, వెనక గోడ లేదు. తోలుకొచ్చే డ్రైవరు చెక్కపెట్టె మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, దుమ్ముకు కళ్ళద్దాలు పెట్టుకుని అన్ని వందల మైళ్ళూ వచ్చేవాడు. వానొస్తే తడిసేవాడు. అలా ఒంటి మీద చొక్కా లేనట్టు వచ్చిన బండికి ఇల్లు కట్టే పని మాది.

నేను పనిలో చేరేనాటికి టాటా వాళ్ళకూ బెంజి వాళ్ళకూ ఒప్పందం అయిపోయి, 1969 తర్వాత బండి ముక్కు మీద చుక్క పోయి టాటా గుర్తు వచ్చేసింది. అయినా పాత చుక్క బండ్లు రోడ్డు మీద చాలానే తిరిగేవి. వాటికి ముక్కు పొడుగు. ఇంజను ముక్కులో ఉండేది, దాని వెనక క్యాబిన్ ఉండేది. వేడి తక్కువ, చోటు కూడా ఫరవాలేదు. తర్వాత తర్వాత ముక్కు లోపలికి వచ్చేసింది. ముక్కు ఎంత తగ్గితే వెనక బాడీ అంత పెరుగుతుంది, లోడు అంత ఎక్కువ పడుతుంది. లెక్క సరైనదే. కానీ ముందున్న ఇంజను తెచ్చి డ్రైవరుకూ క్లీనరుకూ మధ్య పెట్టారు. సరుక్కి దొరికిన అడుగు మనుషుల దగ్గర తీసుకున్నదే. నేను పని చేసినన్నాళ్ళూ ఆ పోయిన చోటు ఎలా తిరిగి తేవాలన్నదే మా షెడ్డులో రోజువారీ వాదన.

ఓనరు వచ్చి బాడీ కొలతలు చెప్పి, అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిపోయేవాడు. క్యాబిన్ కొలతలకు మాత్రం డ్రైవరు రావాల్సిందే. అది మా మేస్త్రిగారి పట్టు. అడుగు పలకలు వేసి, నాలుగు మూలలా స్తంభాలు నిలబెట్టాక, వెనక గోడకు మేకు కొట్టబోయే ముందు డ్రైవరును పిలిచేవారు. డ్రైవరు సీటు వెనక, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా రెండు పలకలు పరిచి, "ఒకసారి పడుకో నాయనా" అనేవారు. అతను సిగ్గుపడుతూ వెల్లకిలా పడుకునేవాడు.

"అలా కాదు. ఇంట్లో ఎలా పడుకుంటావో అలా పడుకో."

అప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడిచి, చెయ్యి తల కింద పెట్టుకునేవాడు. మేస్త్రిగారు చెవి మీది పెన్సిలు తీసి, మోకాలు ఎక్కడిదాకా వచ్చిందో పలక మీద ఒక గీత, వీపు ఎక్కడుందో మరో గీత గీసేవారు. ఆ రెండు గీతల మధ్య దూరానికి నాలుగు వేళ్ళు కలిపితే అదే మా బెర్తు వెడల్పు.

దీంట్లో ఏముంది అనుకోవచ్చు. చాలా ఉంది. క్యాబిన్‌లో మనిషి బండికి అడ్డంగా పడుకుంటాడు. ఆ వైపు సుమారు ఏడడుగులు దొరుకుతుంది, కాబట్టి పొడుగుకు ఎప్పుడూ కరువు లేదు. వచ్చిన చిక్కంతా వెడల్పుతోనే. వెల్లకిలా పడుకున్న మనిషికి ఇరవై అంగుళాలు సరిపోతుంది. పక్కకు తిరిగి మోకాళ్ళు ముడిస్తే ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది కావాలి. రాత్రంతా వెల్లకిలా పడుకునేవాడు ఎవడూ ఉండడు. ఇరవై అంగుళాల బల్ల మీద పడుకున్నవాడికి పక్కకు తిరిగినప్పుడల్లా మోకాలు గాల్లోకి పోతుంది, పడిపోతానన్న భయానికి మెలకువ వస్తుంది. అలా పదిసార్లు లేచినవాడు తెల్లారి స్టీరింగు ముందు కూర్చుంటాడు. రోడ్డు మీద తెల్లవారుజామున జరిగే ప్రమాదాల గురించి పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ ఎనిమిది అంగుళాలే కళ్ళ ముందు కనబడతాయి.

ఆ అంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి? వెనక గోడను వెనక్కి జరపాలి. జరిపితే బాడీ అంత తగ్గుతుంది. ఇక్కడే ఓనర్లతో గొడవ. "మేస్త్రీ, అడుగు పోతే ఎన్ని బస్తాలు పోతాయో తెలుసా?" అనేవాళ్ళు. బాడీ తగ్గించకుండా మొత్తాన్నే వెనక్కి నెట్టెయ్యమనేవాళ్ళూ ఉండేవారు. అది ఇంకా ప్రమాదం. వెనక ఇరుసు దాటి బరువు వేలాడితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు తేలిపోతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ బండి ఎటు పోతుందో తోలేవాడికే తెలియదు. చక్రాల వెనక్కి వేలాడే భాగం వీల్‌బేసులో అరవై శాతం దాటకూడదని రూల్లోనే ఉంది. రూలు చదవని మేస్త్రులు కూడా దాన్ని చేతి అనుభవంతో పాటించేవాళ్ళు.

ఆ గొడవకు మా షెడ్డులో దొరికిన మందు అటక. నేను చూసినంతలో లారీ క్యాబిన్‌కు ఇంతకన్నా తెలివైన మార్పు ఇంకొకటి లేదు. వెనక గోడ కింది సగం ఎక్కడిది అక్కడే ఉంటుంది. నడుము ఎత్తు దాటాక పై సగాన్ని అడుగున్నర వెనక్కి, బాడీ మీదికి జరుపుతాం. బెర్తు ఆ ఎత్తులో వస్తుంది, మోకాళ్ళు ఆ గూట్లోకి పోతాయి. బాడీ అడుగున పొడుగు ఒక్క అంగుళం తగ్గదు. ఇనుము, సిమెంటు, బియ్యం తోలే బండికి ఇది బ్రహ్మాండంగా కుదిరేది. ఎందుకంటే ఆ సరుకు బరువు ముందు నిండుతుంది, ఎత్తు నిండదు. పది టన్నుల సిమెంటు వేస్తే బస్తాలు బాడీలో ఎంత ఎత్తు వస్తాయి? పైన గాలే కదా ఉండేది! ఆ గాల్లోంచి తీసుకున్న చోటది. పత్తి, ఊక, ఎండు మిరపకాయ తోలే బండికి మాత్రం పనికిరాదు. అక్కడ చోటు ముందు నిండుతుంది, బరువు నిండదు. ఆ ఓనర్లు అటకకు ఒప్పుకునేవాళ్ళు కాదు, వాళ్ళ మాటా న్యాయమే. అలాంటి బండికి టాపు ఎత్తేవాళ్ళం. బెర్తు మీదుగా జానెడు ఎత్తు పెంచితే పడుకున్నవాడు లేచి కూర్చోగలడు, చొక్కా మార్చుకోగలడు. అంతకు మించి ఎత్తితే గాలి పట్టేస్తుంది, చెట్ల కొమ్మలు తగులుతాయి.

చోటు మిగిల్చే చిన్న చిన్న పనులు ఇంకెన్నో ఉండేవి. జాకీ, పానాలు ఉండే పెట్టెను లోపల నుంచి తీసి బాడీ కింద ఛాసీకి తగిలించడం. బెర్తు కింద గడపలాంటి చట్టం కట్టి స్టవ్వు, బియ్యం డబ్బా, నీళ్ళ క్యాను జారకుండా నిలపడం. తలుపులకు లోపలి వైపు పలక తీసేసి ఆ లోతులో కాగితాల గూడు చెయ్యడం. ఇంజన్ బాక్సు మీద గోనె, దాని మీద కొబ్బరిపీచు, దాని మీద రెక్సిన్ వేసి క్లీనరు పగలు దాని మీద కూడా కూర్చునేలా చెయ్యడం. వేడి పోవడానికి కాళ్ళ దగ్గర రెండువైపులా చిన్న గాలి తలుపులు, ఎడమ అద్దం పైకి లేచేలా బందులు. వెనక గోడలో, తల పెట్టుకునే చోట, అరచేతి వెడల్పున జాలీ కిటికీ. బండి ఆగి ఉన్నా గాలి అటు నుంచి ఇటు పారేది.

వెనక గోడ గురించి ఇంకో మాట చెప్పాలి. గోడంటే చోటు ఆపే తెర కాదు, ప్రాణం నిలిపే గోడ. బ్రేకు గట్టిగా కొడితే వెనకున్న ఇనప ఊచలు ముందుకే వస్తాయి. అందుకే గోడకూ లోడుకూ మధ్య మందంగా మద్దికొయ్య బోర్డు, దానికి ఇనప ఛానెళ్ళు నిలబెట్టేవాళ్ళం. అటక కడితే కింద ఛానెలు ఇంకో రెండు పెంచేవాళ్ళం. అలా పెంచకుండా అందం కోసం అటకలు కట్టిన షెడ్లూ ఉన్నాయి, వాటిని నేను అప్పుడూ మెచ్చుకోలేదు. ఇక ముందు నుంచి గుద్దుకున్నప్పుడు మా కొయ్య క్యాబిన్ మనిషిని కాపాడేది తక్కువ. నుజ్జయి షెడ్డుకు వచ్చిన క్యాబిన్లు విప్పినవాణ్ణి, ఆ సంగతి దాచను. ఇప్పుడు కంపెనీలు ఏఐఎస్ 029 అనే భద్రతా ప్రమాణం ప్రకారం ముందు భాగాన్ని ఊగే బరువుతో గుద్దించి, టాపు మీద బరువు పెట్టి, వెనక గోడను నొక్కి, లోపల మనిషి బతికే చోటు మిగులుతుందా అని చూసి మరీ క్యాబిన్ ఇస్తున్నాయి. ఆ విషయంలో ఇప్పటి ఇనప క్యాబిన్‌కు దణ్ణం పెడతాను.

కానీ బతికే చోటు కొలిచినవాళ్ళు పడుకునే చోటు ఎందుకు వదిలేశారు? 1989 నాటి మోటారు వాహనాల రూల్సులో నేషనల్ పర్మిట్ లారీ గురించి ఒక మంచి నిబంధన ఉండేది. బండికి ఇద్దరు డ్రైవర్లుండాలి. డ్రైవరు సీటు వెనక బండి వెడల్పంతా ఒక సీటు ఉండాలి. రెండో డ్రైవరు ఒళ్ళు చాపుకుని నిద్రపోవడానికని కారణం కూడా అందులోనే రాశారు. సర్కారు కాగితం మీద డ్రైవరు నిద్ర గురించి రాసిన మాట అది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఫిట్‌నెస్‌కు వచ్చినప్పుడు మా మేస్త్రిగారు అన్నిటికంటే ముందు బెర్తు చూపించేవారు. ఆ ఇద్దరు డ్రైవర్ల నిబంధనను 2018లో తీసేశారు. రోడ్లు బాగుపడ్డాయి, బండ్లు బాగుపడ్డాయి, ఒక్కడు చాలు అన్నారు. క్లీనరు కూడా చాలా బండ్లలో కనబడడం లేదు. కైకలూరు చేపలు హౌరాకు పోవాలంటే ఐసు కరిగేలోపు పోవాలి. ఆ తొందర ఏమీ తగ్గలేదు. తగ్గింది మనుషులే. రోజుకు ఎనిమిది గంటల పని అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. ఆ గంటలు లెక్కపెట్టే ఓనరును నా కంటితో నేను చూడలేదు.

ఒంటరి డ్రైవరుకు నిద్ర ఇంకా ముఖ్యం కదా. ఇక్కడే నాకు మండుతుంది. ఒకే బండిని కంపెనీలు రెండు రకాలుగా అమ్ముతాయి, డే క్యాబిన్ అని, స్లీపర్ క్యాబిన్ అని. డే క్యాబిన్ పగలు తిరిగి రాత్రికి ఇంటికి చేరే బండి కోసం. మన ఓనర్లు బాడీ పొడుగు వస్తుందనో, ధర తగ్గుతుందనో అదే కొని దూరప్రయాణాలకు పంపుతున్నారు. వెనక గోడ సీటుకు ఆనుకుని ఉంటుంది. మనిషి పడుకోవాలంటే సీటు నుంచి ఇంజన్ బాక్సు దాకా వంకరగా ఒరగాలి. పోనీ ఏసీ ఉందిగా అంటారు. ఏసీ ఇంజను తిరిగితేనే కదా పనిచేసేది! డీజిలు కిలోమీటరు లెక్కన కొలిచి ఇచ్చే ఓనరు దగ్గర రాత్రంతా ఇంజను వదిలి పడుకునే డ్రైవరు ఎవడు? ఆపేస్తాడు. ఆపేశాక ఆ ఇనప గదిలో అటూ ఇటూ గాలి పారే దారి ఉండదు. నేను చూసిన కొత్త క్యాబిన్లలో చాలావాటికి తల దగ్గర కిటికీ లేదు. అందుకే హైవే పక్కన ఇప్పటికీ లారీ కింద, చక్రాల మధ్య చాప వేసుకున్న మనుషులు కనబడుతున్నారు. ఏసీ బండి కింద!

పెట్రోలు బంకుల దగ్గర అప్నా ఘర్ అని డ్రైవర్లకు పడకల గదులు కడుతున్నారు. కట్టినవాళ్ళు చల్లగా ఉండాలి. కానీ లోడున్న బండిని, ట్యాంకులో డీజిలును చీకట్లో వదిలి లోపలికి పోయి పడుకునే ధైర్యం అందరికీ ఉండదు. పొద్దున పట్టా కోసి ఉంటే ఆ బస్తాల డబ్బు జీతంలో కోస్తారు. డ్రైవరు నిద్ర బండిలోనే.

ఇక చిన్న బండ్లు. 2005లో టాటా ఏస్ వచ్చాక ఊళ్ళో సందుల్లో తిరగడానికని కొన్న చిన్న ట్రక్కులూ, పికప్పులూ ఇప్పుడు రాత్రుళ్ళు హైవే మీద పరుగెడుతున్నాయి. నూజివీడు మామిడికాయ హైదరాబాదు పండ్ల మార్కెట్టుకు తెల్లారేసరికి చేరాలంటే వాటిల్లోనే. మూడున్నర టన్నుల లోపు కాబట్టి వాటికి ఏసీ నిబంధన కూడా వర్తించదు. ఇద్దరు నిటారుగా కూర్చుంటే నిండిపోయే క్యాబిన్. మార్కెట్టులో దించేదాకా మూడు నాలుగు గంటలు అలా కూర్చునే నిద్రపోతారు, వెంటనే తిరుగు ప్రయాణం.

ఈ మధ్య మా పక్క వీధి కుర్రాడు పికప్పు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "తాతయ్యా, వెనక రేకు కోసి అడుగు వెనక్కి జరిపి పెట్టవా? లారీలకు చేసేవాడివట కదా" అన్నాడు. అడగడంలో తప్పు లేదు. కానీ ఆ బండి వెనక రేకు మా కొయ్య గోడలాంటిది కాదు. టాపూ, స్తంభాలూ, అడుగూ, అన్నీ కలిసి ఒకే డబ్బాగా బలం పట్టుకుంటాయి. బెల్టు బిగించే చోటు కూడా దాన్ని నమ్ముకునే ఉంటుంది. ఒక గోడ కోస్తే మిగిలిన మూడూ వదులవుతాయి. కంపెనీ ఇచ్చిన రూపానికి, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను 2000 నుంచి గట్టిగా చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తీర్పు ఇచ్చింది. పైగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ఆ కోత చూపించి చేతులు దులుపుకుంటారు. అదంతా అతనికి చెప్పి కొయ్యనన్నాను.

అతను మొహం చిన్నబుచ్చుకుంటే చూడలేక రెండు సీట్ల మధ్య పల్లం నింపేలా మడత పలక ఒకటి చేసిచ్చాను. మధ్యలో బందులు, కింద రెండు కాళ్ళు, పైన పలచటి ఫోము. బండికి ఎక్కడా మేకు లేదు, బోల్టు లేదు. బండి నడిచేటప్పుడు మడిచి సీటు వెనక పెట్టుకోవచ్చు. పరిచి, కాళ్ళు ముడిస్తే పక్కకు తిరిగి పడుకోవచ్చు, చాపడానికి మాత్రం లేదు. అంతకన్నా ఆ బండిలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. చెయ్యాల్సింది బండి గీసే దగ్గరే చెయ్యాలి.

అందుకే ఇప్పుడు నా పోరంతా కంపెనీలతోనూ ఓనర్లతోనూ. కొయ్య క్యాబిన్ తిరిగి రమ్మని నేను అడగడం లేదు. బండి కాగితం మీద ఎన్ని టన్నులు మోస్తుందో రాసినట్టే బెర్తు వెడల్పు ఎన్ని అంగుళాలో కూడా రాయమంటున్నాను. తల దగ్గర, కాళ్ళ దగ్గర గాలి కిటికీలు పెట్టమంటున్నాను. కోసే హక్కు మా నుంచి తీసుకున్నప్పుడు కొలిచే బాధ్యత కూడా వాళ్ళే తీసుకోవాలి. గూడు పైకి జరిపి అడుగు తగ్గకుండా చోటు తేవడం మాకే తెలిసినప్పుడు, అన్ని యంత్రాలున్న వాళ్ళకు చేతకాదంటే నేను నమ్మను.

మా వీధి చివర ఉండే ఓనరు ఒకాయన పన్నెండు చక్రాల బండి బుక్ చెయ్యబోతున్నాడు. డే క్యాబిన్ అయితే ధర కలిసొస్తుందని ఊగిసలాడుతుంటే, సంతకం పెట్టే ముందు డ్రైవరును కూడా షోరూముకు తీసుకెళ్ళమని చెప్పాను. మొదట వింతగా చూశాడు, తర్వాత సరేనన్నాడు. వచ్చే సోమవారం ముగ్గురం వెళ్తున్నాం. డ్రైవరును స్లీపర్ బెర్తు మీద పక్కకు తిరిగి పడుకోమంటాను. టేపు నా దగ్గరే ఉంది.